ఈ అమెరికా ఐదు సెంట్ల బిళ్ళకి నిజంగా లక్షలు వస్తాయా? బఫెలో నికెల్, వీ నికెల్ అసలు కథ

పోయిన వారం ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. వైజాగ్‌లో డిగ్రీ చదువుతున్నాడు. వాళ్ల తాతయ్య ఒకప్పుడు సరుకు ఓడల్లో పనిచేసేవారట. ఆయన పోయాక బీరువా సర్దుతుంటే ఒక బిస్కట్ డబ్బాలో రకరకాల దేశాల చిల్లర దొరికింది. అందులో ఒక బిళ్ళ మీద ఒక పక్క అమెరికా ఆదివాసీ మనిషి ముఖం, ఇంకో పక్క దున్నపోతు లాంటి జంతువు ఉన్నాయి. మనవాడు ఫేస్‌బుక్‌లో వెతికితే ఒక ప్రకటన కనిపించింది. ఫోటో పంపాడు. అరగంటలో ఫోన్ వచ్చింది. "సార్, మీ కాయిన్‌కి 45 లక్షలు ఫిక్స్ అయింది. రిజిస్ట్రేషన్‌కి 2,150 కట్టండి."

కట్టాడు. మర్నాడు జీఎస్టీ అన్నారు, 8,500. అదీ కట్టాడు. కాలేజీ ఫీజు కోసం అమ్మ ఇచ్చిన డబ్బులు అవి. మూడోసారి "ఎన్ఓసీ ఛార్జీ" అన్నప్పుడు అనుమానం వచ్చి నాకు రాశాడు. "అన్నా, డబ్బులు పోతే పోయాయి. ఇంతకీ ఆ కాయిన్‌కి నిజంగా విలువ ఉందా లేదా?"

ఈ ఎపిసోడ్ ఆ ప్రశ్నకి జవాబు. కొంచెం పెద్దదే అవుతుంది, ఎందుకంటే "ఉంది" అన్నా తప్పే, "లేదు" అన్నా తప్పే.

(స్క్రీన్ మీద తమ్ముడు పంపిన ఫోటో)

ముందు దీని పేరు చెప్తాను. అమెరికాలో ఐదు సెంట్ల నాణేన్ని నికెల్ అంటారు. డాలర్‌లో ఇరవయ్యో వంతు. పేరు నికెల్ అయినా అందులో నికెల్ లోహం 25 శాతమే, మిగతా 75 శాతం రాగి. వెండి అసలు లేదు, తెల్లగా ఉందని పొరపడకండి. బరువు సరిగ్గా 5 గ్రాములు, అడ్డంగా కొలిస్తే 21.2 మిల్లీమీటర్లు. ఈ రెండు అంకెలూ గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తాయి.

ఫోటోలో ఉన్నది బఫెలో నికెల్. 1913 నుంచి 1938 దాకా ముద్రించారు. బఫెలో అన్నారు కానీ అది మన గేదె కాదు, అమెరికా మైదానాల్లో తిరిగే బైసన్. చేసిన శిల్పి జేమ్స్ ఎర్ల్ ఫ్రేజర్. బొమ్మ వైపున్న ముఖం ఒక్క మనిషిది కాదు, ఇద్దరు ముగ్గురిని చూసి కలిపి చెక్కింది. దీనికి ముందు 1883 నుంచి నడిచినది లిబర్టీ నికెల్. దాని బొరుసు వైపు పెద్దగా "వీ" అక్షరం ఉంటుంది, అది రోమన్ లెక్కలో ఐదు. అందుకే సేకరించేవాళ్లు దాన్ని వీ నికెల్ అంటారు.

సేకరించేవాళ్లని ఇంగ్లిష్‌లో కలెక్టర్లు అంటారు. మన దగ్గర ఆ మాట అంటే వెంటనే జిల్లా కలెక్టర్ గుర్తొస్తాడు కాబట్టి నేను సేకర్తలు అంటాను, సర్దుకోండి.

ఇప్పుడు తమ్ముడి బిళ్ళ చూద్దాం. బొమ్మ వైపు, ఆ మనిషి భుజం మీద సన్నగా సంవత్సరం ఉంటుంది. జూమ్ చేస్తే 1936 కనిపిస్తోంది. తిప్పితే బైసన్ కాళ్ల కింద "ఫైవ్ సెంట్స్" అని ఉంది, దాని కింద ఖాళీ. ఆ ఖాళీయే ముఖ్యం. అక్కడ "డి" ఉంటే డెన్వర్ టంకశాలలో కొట్టింది. "ఎస్" ఉంటే శాన్ ఫ్రాన్సిస్కో. ఏమీ లేకపోతే ఫిలడెల్ఫియా. దీన్నే మింట్ మార్క్ అంటారు.

1936లో ఒక్క ఫిలడెల్ఫియా టంకశాలే దాదాపు 11 కోట్ల 90 లక్షల నికెల్స్ కొట్టింది. అంటే అవి ఇప్పటికీ అమెరికాలో ఏ నాణేల దుకాణానికి వెళ్లినా గిన్నెలో పోసి పెట్టి ఉంటాయి. బాగా వాడిన 1936 బిళ్ళకి ఒకటి రెండు డాలర్లు. మన లెక్కలో వంద, నూటయాభై రూపాయలు. 45 లక్షలు కాదు.

తమ్ముడూ, బాధపడకు. తాతయ్య దాచిన బిళ్ళ, దాన్ని అమ్మక్కర్లేదు. నీ దగ్గర ఇంకో బిళ్ళ ఉందని ఇంకో ఫోటో పంపావు కదా, సంవత్సరం అరిగిపోయింది అన్నావు. దాని సంగతి చివర్లో చెప్తాను.

మరి లక్షలు పలికే నికెల్స్ అబద్ధమా అంటే, కాదు. అక్కడే తిరకాసు. మోసగాళ్లు చూపించే పెద్ద రేట్లు నిజమైనవే, వేరే బిళ్ళలవి.

1912 డిసెంబర్‌లో వీ నికెల్ ఆపేయాలని నిర్ణయం అయిపోయింది. 1913 నుంచి బఫెలో రావాలి. కానీ 1913 అని వేసిన వీ నికెల్స్ ఐదు ఉన్నాయి. టంకశాల రికార్డుల్లో వాటి ఊసే లేదు. ఎవరు కొట్టారో, ఎప్పుడు కొట్టారో ఎక్కడా రాసి లేదు. 1919 డిసెంబర్‌లో శామ్యూల్ బ్రౌన్ అనే ఆయన అమెరికా సేకర్తల పత్రికలో ప్రకటన వేశాడు. 1913 వీ నికెల్ ఎవరి దగ్గరైనా ఉంటే 500 డాలర్లు ఇస్తాను అని. మర్నాటి ఏడాది చికాగోలో జరిగిన సేకర్తల సమావేశానికి తనే ఒకటి పట్టుకొచ్చి చూపించాడు. ఈ బ్రౌన్ గారు అంతకుముందు ఎక్కడ పనిచేసేవాడో తెలుసా? ఫిలడెల్ఫియా టంకశాలలో. ఇంక మీరే ఊహించుకోండి. నిరూపణ అయితే లేదు.

ఆ ఐదూ కొన్నాళ్లకి కల్నల్ గ్రీన్ అనే ఒక కోటీశ్వరుడి దగ్గరికి చేరాయి. ఆయన 1936లో పోయాక విడిపోయి తలా ఒక దారి పట్టాయి. వాటిలో ఒకటి 1996 వేలంలో 14 లక్షల 85 వేల డాలర్లకి అమ్ముడైంది. ఒక నాణెం వేలంలో పది లక్షల డాలర్లు దాటడం అదే మొదటిసారి. అదే బిళ్ళ 2018లో 45 లక్షల 60 వేల డాలర్లు పలికింది.

నాకు ఎక్కువ ఇష్టమైనది మాత్రం ఇంకో బిళ్ళ కథ. జార్జ్ వాల్టన్ అనే సేకర్త దగ్గర ఒకటి ఉండేది. 1962 మార్చిలో నార్త్ కరోలినాలో ఒక నాణేల ప్రదర్శనకి కారులో వెళుతుంటే ప్రమాదం జరిగి ఆయన చనిపోయాడు. నాణేలు దొరికాయి. కుటుంబం వాటిని అమ్మడానికి పెడితే, నిపుణులు ఈ ఒక్కటీ వెనక్కి ఇచ్చేశారు. ఇది నకిలీ, సంవత్సరం దిద్దారు అని. ఆయన చెల్లెలు దాన్ని ఇంట్లో అల్మారాలో పెట్టేసింది. నలభై ఏళ్లు అక్కడే ఉంది! 2003లో బాల్టిమోర్‌లో మిగతా నాలుగింటినీ ఒకచోట ప్రదర్శనకి పెడుతుంటే, కుటుంబం వాళ్లు ఈ ఐదోదాన్ని కూడా తీసుకెళ్లారు. నిపుణులు రాత్రిపూట కూర్చుని నాలుగింటితో పక్కపక్కన పెట్టి పోల్చారు. అసలుదే. 2013లో వేలం వేస్తే 31 లక్షల 72 వేల 500 డాలర్లు.

ఈ కథ వినగానే "అయితే మా ఇంట్లో కూడా..." అనిపిస్తుంది కదా. సరిగ్గా ఆ అనిపించడం మీదే వ్యాపారం నడుస్తుంది. ఇది ఫేస్‌బుక్‌తో మొదలవలేదు. టెక్సస్‌లో బి. మ్యాక్స్ మెల్ అనే నాణేల వ్యాపారి ఉండేవాడు. 1913 వీ నికెల్ తెస్తే 50 డాలర్లు ఇస్తానని ఏళ్ల తరబడి దేశమంతా ప్రకటనలు ఇచ్చాడు. ఆ రోజుల్లో 50 డాలర్లంటే చాలా మందికి వారాల జీతం. దేశమంతా జేబులు తడుముకుంది. ఎవరికీ దొరకలేదు. దొరకదని మెల్‌కి తెలుసు, ఉన్నవే ఐదు. ఆయన అమ్మింది నాణేల రేట్ల పుస్తకం. అయితే మెల్ పుస్తకం నిజంగా పంపేవాడు, వేరే నాణేలు తెస్తే నిజంగా కొనేవాడు కూడా. ఈ ఫోన్ చేసేవాళ్లతో ఆయన్ని పోల్చడం ఆయనకి అవమానం.

సరే. ఐదు బిళ్ళలూ ఎక్కడున్నాయో లోకానికి తెలుసు, ఒకటి స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. వాటి గురించి కలలు మానేద్దాం. మామూలు మనిషి, నెలకి కొంచెం డబ్బు పక్కన పెట్టగలిగిన మనిషి, వెతికే నికెల్స్ వేరే ఉన్నాయి. నిజంగా సరదా అంతా అక్కడే ఉంది.

మొదటిది 1912-ఎస్. 1912 వరకూ నికెల్స్ అన్నీ ఫిలడెల్ఫియాలోనే కొట్టేవారు. ఆ ఏడాదే మొదటిసారి డెన్వర్‌కీ, శాన్ ఫ్రాన్సిస్కోకీ అనుమతి వచ్చింది. శాన్ ఫ్రాన్సిస్కో వాళ్లు ఏడాది చివర్లో మొదలుపెట్టి 2 లక్షల 38 వేలు కొట్టారు, అంతే, ఏడాది అయిపోయింది, వీ నికెల్ కూడా అయిపోయింది. ఆ డిసెంబర్ 28నే ఆ ఊళ్లో మునిసిపల్ ట్రామ్ మొదలైంది, టికెట్ ఐదు సెంట్లు. మేయర్ రోల్ఫ్ ఆ కొత్త నికెల్స్‌లో ఒకదానితోనే టికెట్ కొన్నాడని చెప్పుకుంటారు. వీ నికెల్ మీద మింట్ మార్క్ బొరుసు వైపు, కింద ఎడమ పక్కన చుక్క కింద చిన్నగా ఉంటుంది. బాగా అరిగిన 1912-ఎస్ కూడా వంద డాలర్ల పైనే.

ఇక బఫెలోల్లో అందరూ తలచుకునేది 1926-ఎస్. దీన్ని కొంచెం ఆగి చూద్దాం, ఎందుకంటే సేకరణ అంటే ఏంటో ఈ ఒక్క బిళ్ళ నేర్పిస్తుంది.

1926లో ఫిలడెల్ఫియా 4 కోట్ల 46 లక్షలకు పైగా కొట్టింది. శాన్ ఫ్రాన్సిస్కో 9 లక్షల 70 వేలు. బఫెలోల్లో పది లక్షల లోపు కొట్టినది ఇదొక్కటే. అయితే ఇదే మొత్తం లెక్క అనుకోకండి. పక్కనే 1931-ఎస్ చూడండి. 12 లక్షలు. తేడా పెద్దగా లేదు కదా? కానీ కొత్తగా మెరిసే 1931-ఎస్ వంద డాలర్ల చుట్టుపక్కలే దొరుకుతుంది. కొత్తగా మెరిసే 1926-ఎస్ వేల డాలర్లు. ఎందుకు?

1931లో ఆర్థిక మాంద్యం. నాణేలకి గిరాకీ లేదు. శాన్ ఫ్రాన్సిస్కో లక్షా 94 వేలు కొట్టి ఆపేసింది. ఏడాది చివరికి టంకశాలల తాత్కాలిక డైరెక్టర్ మేరీ మార్గరెట్ ఓరైలీ గారికి భయం పట్టుకుంది. ఇంత తక్కువ కొట్టారని తెలిస్తే జనం దాచేస్తారని. ఇంకా కొట్టమన్నారు. వాళ్లు అరిగిన పాత నికెల్స్ కరిగించి ఇంకో పది లక్షలు కొట్టారు. అయినా జనం దాచేశారు! దాచేశారు కాబట్టే ఈరోజు కొత్తవి దొరుకుతున్నాయి.

1926లో అలా దాచేవాళ్లు లేరు. సంవత్సరానికొకటి చొప్పున బిళ్ళలు పెట్టుకునే అట్టలు, వరసగా గుంటలుండే ఆ బోర్డులు, 1930ల మధ్యలో గానీ జనంలోకి రాలేదు. అవి వచ్చాక పిల్లలు, పెద్దలు అందరూ చిల్లర వెతకడం మొదలుపెట్టారు. అన్ని గుంటలూ నిండాయి, 1926-ఎస్ గుంట మాత్రం ఖాళీ. దొరికినా పదేళ్లు కిళ్లీ కొట్టు, ట్రామ్, టెలిఫోన్ బూత్ అన్నీ తిరిగి అరిగి దొరికింది. ఇప్పుడు కూడా బాగా అరిగిన 1926-ఎస్ పాతిక డాలర్ల చుట్టూ దొరుకుతుంది. అదే బిళ్ళ అరగకుండా ఉంటే ఒక కారు కొనుక్కోవచ్చు. పాతది అవడం కాదు ఫ్రెండ్స్, తక్కువ కొట్టడం కూడా ఒక్కటే కాదు, అప్పట్లో ఎవరూ పట్టించుకోకపోవడం విలువ తెచ్చింది.

ఇదే వరసలో 1913-ఎస్ రెండో రకం 12 లక్షల 9 వేలు, 1924-ఎస్ 14 లక్షల 37 వేలు, 1915-ఎస్ 15 లక్షల 5 వేలు, 1921-ఎస్ 15 లక్షల 57 వేలు. 1921లో యుద్ధం తర్వాత వ్యాపారం పడిపోయింది, 1922లో అయితే నికెల్స్ కొట్టనే లేదు. అన్నిటికీ "ఎస్" ఉండటం చూశారా? ఫిలడెల్ఫియా బిళ్ళ, అక్షరం లేనిది, మామూలుగా చౌక. "1921 నికెల్" అని ఎవరైనా రేటు చెబితే వెంటనే అడగండి, వెనక ఏ అక్షరం అని.

అరుగుదల ఎలా చూడాలి? బఫెలోలో కొమ్ము చూస్తారు. బైసన్ కొమ్ము మొన దాకా పూర్తిగా కనిపిస్తే మంచి స్థితి. సగమే ఉంటే మధ్యస్థం. కొమ్మే లేకపోతే బాగా వాడింది. అరుగుదలని ఒకటి నుంచి 70 దాకా అంకెలతో కొలుస్తారు, 60 పైన అంటే వాడనిది. ఒక చిక్కుంది. 1920ల్లో డెన్వర్, శాన్ ఫ్రాన్సిస్కోల్లో అరిగిన అచ్చులతో కొట్టేవారు. కాబట్టి కొత్త బిళ్ళకే కొమ్ము సరిగ్గా పడకపోవచ్చు. చేతిలోకి వంద బిళ్ళలు వచ్చాక గానీ ఆ తేడా కంటికి ఆనదు.

టంకశాల తప్పులు కూడా చెప్పాలి. 1918-డి మీద జాగ్రత్తగా చూస్తే 8 కింద 7 కనిపించే బిళ్ళలు ఉన్నాయి. అచ్చు తయారీలో ఒకసారి 1917, ఇంకోసారి 1918 ముద్ర పడింది. అలాగే 1937-డి, మూడు కాళ్ల బైసన్! అచ్చు మీద పడ్డ గీతలు పోవాలని డెన్వర్‌లో ఎవరో దాన్ని గట్టిగా రుద్దారు, గీతలతో పాటు ముందు కాలు కూడా పోయింది. ఇవి బాగా అరిగినా వందల డాలర్లు. అందుకే మామూలు 1937-డి తీసుకుని కాలు గీకేసి అమ్మేవాళ్లు ఉన్నారు. అసలుదాంట్లో కాలు పోయినా గిట్ట మిగిలి ఉంటుంది, పొట్ట కింద నుంచి నేల దాకా చిన్న చిన్న బొడిపెల వరస ఉంటుంది. గీకినవాడు కాలు తీసేయగలడు గానీ, లేని బొడిపెలు పుట్టించలేడు.

నకిలీల్లో అన్నిటికంటే తెలివైనది మింట్ మార్క్ చేర్చడం. నాలుగు కోట్లకి పైగా ఉన్న మామూలు 1926 తీసుకుని కింద "ఎస్" అతికిస్తారు. ఇంకా ఘోరం ఏంటంటే, బిళ్ళ అంచులో సన్నటి రంధ్రం పెట్టి, లోపల నుంచి పనిముట్టుతో అక్షరాన్ని పైకి ఉబ్బిస్తారు, తర్వాత రంధ్రం మూసేస్తారు. ముందు నుంచి చూస్తే అతుకు కనపడదు! అందుకే అంచు కూడా చూడాలి. నేను కూడా ఒకసారి మోసపోయాను. ఆన్‌లైన్‌లో 1914-డి కొన్నాను, డబ్బు తక్కువ అని సంబరపడ్డాను. పది రెట్లు చూపించే భూతద్దం పెట్టి చూస్తే "డి" చుట్టూ జిగురు గీత. అమ్మినవాడు ఖాతా మూసేసి పోయాడు. ఆ బిళ్ళ ఇప్పటికీ నా టేబుల్ మీదే ఉంది, ఎవరైనా వస్తే చూపిస్తాను.

కాబట్టి వంద డాలర్లు దాటే నికెల్ ఏదైనా, పీసీజీఎస్, ఎన్‌జీసీ లాంటి సంస్థలు పరీక్షించి గట్టి ప్లాస్టిక్ డబ్బాలో సీలు వేసినదే కొనండి. డబ్బా మీద నంబర్ ఉంటుంది, వాళ్ల యాప్‌లో కొడితే వివరాలు వస్తాయి. చాలా వాటికి ఫోటో కూడా వస్తుంది. ఆ ఫోటోలోని గీతలు, మచ్చలు మీ చేతిలోని బిళ్ళ మీద ఉన్నాయా చూడండి. నంబర్ సరిపోయినంత మాత్రాన చాలదు, డబ్బాలకీ నకిలీలు వస్తున్నాయి. విడి బిళ్ళ అయితే కంసాలి తూకం మీద పెట్టండి. 5 గ్రాములకి బాగా తేడా వస్తే అనుమానించాలి. అయస్కాంతానికి అంటుకుంటే ఇంక ఆలోచించక్కర్లేదు, రాగి నికెల్ మిశ్రమం అంటుకోదు.

ఇంకో మాట, దయచేసి కడగకండి. మన ఇళ్లలో ఇత్తడి చెంబు చూడగానే చింతపండు గుర్తొస్తుంది. నేను మొదట్లో మూడు వీ నికెల్స్‌ని చింతపండు, తర్వాత పేస్ట్ పెట్టి తళతళలాడించాను. మా అమ్మ కూడా మెచ్చుకుంది. అనుభవం ఉన్న ఒక పెద్దాయనకి చూపిస్తే ఆయన మొహం వాడిపోయింది. పులుపు పై పొరని తినేస్తుంది, పేస్ట్ సన్నటి గీతలు పెడుతుంది. కడిగిన బిళ్ళ ఎంత మెరిసినా సేకర్తకి అది పాడైనదే. అంచు పట్టుకోండి, ముఖం మీద వేలు పెట్టకండి. మెత్తటి వాసన వచ్చే ప్లాస్టిక్ కవర్లలో కూడా పెట్టకండి. మన కోస్తా ఉక్కకి కొన్నేళ్లలో పచ్చటి జిగురు పడుతుంది.

అమెరికాలో ఉన్న మన వాళ్లు చాలా మంది ఈ ఛానల్ చూస్తారు, వాళ్ల కోసం ఒక చిట్కా. బ్యాంకుకి వెళ్లి నికెల్ రోల్స్ అడగండి. రోల్‌కి 40 బిళ్ళలు, రెండు డాలర్లు. వెతికి, మిగతావి మళ్లీ డిపాజిట్ చేసేయొచ్చు. ఖర్చు టైమే. బఫెలోలు ఇప్పటికీ చెల్లుతాయి, ఎప్పుడో ఒకటి తగులుతుంది. 1926-ఎస్ తగులుతుందని మాత్రం నేను మాట ఇవ్వను.

ఇప్పుడు ఆ ఫోన్ కాల్ సంగతి. 2021 ఆగస్టులో రిజర్వ్ బ్యాంక్ ప్రకటన ఇచ్చింది. పాత నోట్లు, నాణేలు కొనే అమ్మే వ్యవహారాల్లో తాము లేమని, తమ పేరుతో ఛార్జీలు, కమీషన్లు, పన్నులు వసూలు చేయడానికి ఎవరికీ అధికారం ఇవ్వలేదని. బిళ్ళ కొనేవాడు మీకు డబ్బు ఇస్తాడు, మీ దగ్గర డబ్బు తీసుకోడు. ఇంతకంటే పెద్ద పరీక్ష అక్కర్లేదు. డబ్బు పోయినవాళ్లు వెంటనే 1930కి ఫోన్ చేయండి, ఆలస్యం చేసే కొద్దీ ఆ ఖాతాలో డబ్బు మిగలదు. తమ్ముడి చేత ఫిర్యాదు పెట్టించాను. కట్టి నాలుగు రోజులైంది, తిరిగి వస్తుందో లేదో చూడాలి.

సరే, తమ్ముడి రెండో బిళ్ళ.

(స్క్రీన్ మీద రెండో ఫోటో)

ఇది చూడండి. భుజం దగ్గర నున్నగా ఉంది, సంవత్సరం లేదు. బఫెలో నికెల్‌కి పుట్టుకతో వచ్చిన జబ్బు ఇది. సంవత్సరం ఎత్తుగా ఉన్న చోట పెట్టారు, జేబులో రాపిడికి మొదట పోయేది అదే. అమెరికాలో ఇలాంటివి డాలర్ లోపే దొరుకుతాయి. యాసిడ్ వేసి సంవత్సరం పైకి తెప్పించే మందు కూడా అమ్ముతారు. అంకె కనిపిస్తుంది, కానీ బిళ్ళ మీద మరక పడిపోతుంది, విలువా పోతుంది. తమ్ముడు అది ఆర్డర్ పెట్టబోతున్నాడట. వద్దురా!

తిప్పి చూడండి. బైసన్ దేని మీద నిలబడింది? మొదటి ఫోటోలో, 1936 బిళ్ళలో, కాళ్ల కింద సన్నటి గీత లాంటి నేల, దాని కింద విడిగా "ఫైవ్ సెంట్స్". ఇందులో అలా కాదు. బైసన్ ఒక చిన్న మట్టిదిబ్బ మీద నిలబడింది, అక్షరాలు ఆ దిబ్బ మీదే ఉన్నాయి. ఎత్తు మీద ఉంటే "ఫైవ్ సెంట్స్" అరిగిపోతుందని టంకశాల భయపడింది. 1913లోనే, కొన్ని నెలల్లోనే, దిబ్బ తీసేసి గీత పెట్టింది. విచిత్రం చూడండి, అక్షరాల్ని కాపాడారు, భుజం మీద సంవత్సరాన్ని అలాగే వదిలేశారు.

అంటే దిబ్బ ఉన్న ప్రతి బఫెలో నికెల్ 1913దే. అంకె అక్కర్లేదు, యాసిడ్ అక్కర్లేదు. ఇంకొంచెం జూమ్ చేస్తున్నాను. "ఫైవ్ సెంట్స్" కింద, ఇదిగో, మసగ్గా ఉంది కానీ ఫోన్ టార్చ్ పక్క నుంచి కొడితే తెలుస్తుంది. "ఎస్". 1913-ఎస్, మొదటి రకం. 21 లక్షల 5 వేలు కొట్టినవాటిలో ఒకటి. సంవత్సరం లేదు కాబట్టి కొన్ని డాలర్లు, అంతే. కానీ శాన్ ఫ్రాన్సిస్కోలో మొదటి ఏడాది కొట్టిన బఫెలో తమ్ముడూ, బిస్కట్ డబ్బాలో పడి ఉంది.

ఈ సంగతి నిన్న రాత్రే అతనికి చెప్పాను. "అన్నా, తాతయ్య ఓడ శాన్ ఫ్రాన్సిస్కో వెళ్లిందా అమ్మని అడుగుతాను" అన్నాడు. జవాబు ఇంకా రాలేదు. మీ దగ్గర కూడా ఇలాంటి బిళ్ళ ఉంటే రెండు వైపులా, అంచు కూడా ఫోటో తీసి పంపండి, కడగకుండా. చూడటానికి ఫీజు లేదు. ఉంటాను.